ఈ ఒక్క నెలకే

ఆ ఇంటికి ఏ బిల్లు ఎప్పుడొస్తుందో కోడలికి తప్ప ఇంకెవరికీ తెలియదు. కరెంటు, నీళ్లు, గ్యాసు, ఇంటర్నెట్టు, బిల్డింగు మెయింటెనెన్సు, వాషింగ్ మిషను వాయిదా, అన్నీ ఆమె తలలోనే కాపురం పెట్టాయి. ఆమె పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. వచ్చినవాళ్ల ముక్కు మీద ఇనప చట్రం ఎక్కించి, అందులో అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇదా?" అని అడగడం ఆమె ఉద్యోగం. అవతలివాళ్లు "ఆఁ, ఇప్పుడు చివరి వరస కూడా కనిపిస్తోందండీ" అని సంబరపడే సమయానికి సరిగ్గా ఆమెకి నీళ్ల బిల్లు గుర్తొచ్చేది. అద్దం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయేది.

మొగుడు లిఫ్టు మెకానిక్. పదో అంతస్తులో ఇరుక్కుపోయినవాళ్లని జాగ్రత్తగా దింపడంలో అతన్ని మించినవాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంట్లో బిల్లు మాటెత్తితే మాత్రం "నువ్వు చూసుకుంటావుగా" అని చేతులు దులుపుకుంటాడు. పెళ్లయిన కొత్తలో ఆ మాటలో ఆమెకి నమ్మకం వినిపించింది. ఇప్పుడు బద్ధకం ఒక్కటే వినిపిస్తోంది.

షాపులో క్యాషియరమ్మ ఈమె అవస్థ చూసీ చూసీ ఒకరోజు విసుక్కుంది. "ఎందుకే అలా బుర్ర పాడుచేసుకుంటావు? ఇంటిఖర్చులకని సాఫ్ట్‌వేరుంది. ఒక్కసారి ఓపిగ్గా కూర్చుని అన్నీ పెట్టేశావంటే ఏ తేదీకి ఏ బిల్లో అదే కట్టేస్తుంది. మా ఇంట్లో బిల్లన్న మాటే మర్చిపోయాం."

మర్చిపోవడం అనేది కూడా ఒక సుఖమేనని కోడలికి అప్పుడే తట్టింది. సెలవు రోజు మధ్యాహ్నం లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. ప్రతి బిల్లుకీ అది నాలుగు ప్రశ్నలు వేసింది. ఎవరికి కట్టాలి, ఎంత, ఏ తేదీన, ఎప్పటివరకు. ఆ చివరిదానికి ఒక తేదీ అయినా ఇవ్వాలి, లేదంటే 'నేను ఆపమనే వరకు' అన్నచోట టిక్కయినా పెట్టాలి. వాషింగ్ మిషను వాయిదాకి తేదీ ఇచ్చింది. మిగతావాటికి టిక్కు పెట్టింది. కరెంటూ నీళ్లూ బతికున్నన్నాళ్లూ కావలసినవేగా. ఒక్కో బిల్లూ తన తలలోంచి దిగి తెరమీద వరసలో కూర్చుంటుంటే ఆమెకి ఏడుపొచ్చేంత హాయిగా అనిపించింది.

ఆఖర్న అత్తగారి ఆక్సిజన్ మిషను అద్దె మిగిలింది. మూడు గళ్లు నింపి నాలుగోది నింపబోతుంటే వెనక నించున్న మొగుడు "అది మాత్రం అందులో పెట్టకు" అన్నాడు.

"ఎందుకు?"

"అది ఈ ఒక్క నెలకేగా."

అతను ఆ మాట అనబట్టి ఏడాది దాటింది.

అత్తగారు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా పొగలోనూ దుమ్ములోనూ నిలబడి టికెట్లు కొట్టింది. గట్టిగా కేకేస్తే డ్రైవరు కూడా ఉలిక్కిపడేవాడని ఆవిడే గొప్పగా చెప్పుకునేది. అలాంటిది ఊపిరితిత్తులు మొరాయించి ఆస్పత్రి పాలైంది. ఇంటికి పంపేటప్పుడు ముక్కుకి గొట్టం పెట్టుకుని మిషను దగ్గర ఉండాలనగానే మంచం దిగనని భీష్మించింది. "గొట్టం తగిలించుకుని బతికే బతుకు నాకొద్దురా, నన్నిక్కడే వదిలెయ్" అంది. కొడుకు ఆవిడ చేయి పట్టుకుని "ఈ ఒక్క నెలకేనమ్మా" అన్నాడు. అప్పటికే బయట వరండాలో డాక్టరు మొగుడూ పెళ్లాలిద్దరికీ విడమరిచి చెప్పాడు, ఇక ఆ మిషను జీవితాంతం ఉండాల్సిందేనని. కోడలు పక్కనే ఉండి అబద్ధం విన్నది, నోరు మెదపలేదు. ఆవిడ్ని ఎలాగైనా ఇంటికి తీసుకురావాలన్నదే అప్పుడు ఇద్దరి తాపత్రయం.

అబద్ధం ఆడింది కొడుకు, దాన్ని మోస్తూ వచ్చింది కోడలు. నెల నిండగానే మిషన్లు అద్దెకిచ్చే షాపుకి వెళ్లి "ఇంకొక్క నెలకి" అని డబ్బు కట్టి వచ్చేది ఆమే. ఏడాదికి తీసుకుంటే అద్దె తగ్గుతుందని షాపతను చెప్పి చెప్పి విసిగిపోయాడు. ఆమె ఆ ముక్క ఇంట్లో చెబితే మొగుడు మొహం గంటు పెట్టుకునేవాడు. ఏడాదికి కట్టడమంటే తల్లికి ఇక నయం కాదని సంతకం పెట్టడమేనని అతని బాధ. బాధ నిజమే, కాదనలేం. కానీ ఎండలో రెండు బస్సులు మారి ఆ షాపుకి వెళ్లేది అతని బాధ కాదు, కోడలి కాళ్లు.

అత్తగారు మాత్రం కొడుకు మాట అక్షరాలా నమ్మింది. గొట్టం పోయాక చేయవలసిన పనులన్నీ దాచిపెట్టుకుంది. అందులో మొదటిది కళ్లజోడు. ఉన్న జోడు గీతలు పడి మసకబారింది, ఒక కాడకి దారం కట్టి ఉంది. "పవర్ చూసే పెట్టె ఇంటికే తెస్తానత్తయ్యా, ఇక్కడే చూసేద్దాం" అని కోడలు ఎన్నోసార్లు అంది. ఆవిడ ససేమిరా అంది.

"ఇంటికెందుకే? ఈ గొట్టం పీకేశాక నేనే బస్సెక్కి మీ షాపుకొస్తా. కిటికీ పక్క సీట్లో కూర్చుని, టికెట్ కొనుక్కుని మరీ వస్తా. ఇన్నేళ్లు అందరికీ టికెట్లు కొట్టాను గానీ దర్జాగా కూర్చుని ఒక్కచోటికీ పోలేదు. నీ కుర్చీలో కూర్చుంటా, నువ్వు నన్ను 'ఇది బాగుందా, ఇదా' అని అడుగుదువు గానీ."

ఆ మాటలు విన్నప్పుడల్లా కోడలు వంటింట్లోకి తప్పుకునేది.

అన్ని బిల్లులూ తలలోంచి దిగిపోయాక, మిగిలిన ఆ ఒక్కటీ ఇదివరకటి కన్నా బరువుగా తోచింది. అందుకే ఈసారి ఆమె తెగేసి చెప్పింది. "ఒక్క నెలకేనని మీ అమ్మగారికి చెప్పింది మీరు. ఈ నెల మీరే వెళ్లి కట్టండి. నేను గుర్తు కూడా చెయ్యను."

"సరేలే, కడతా" అన్నాడు.

కట్టలేదు. షాపువాళ్లు ఫోన్ చేస్తే లిఫ్టు పైన ఉన్నానని ఎత్తలేదు. మెసేజీ పెడితే చూసి ఊరుకున్నాడు. ఆమెకి అనుమానం రాకపోలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చిన మాటని పంతం కొద్దీ మింగేసింది. వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు అలిగింది ఒక ముసలావిడ ఊపిరి మీద అని ఆ రోజుల్లో ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం పని నుంచి వచ్చి తలుపు తీయగానే ఆమెకి ఏదో తేడాగా అనిపించింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పగలూ రాత్రీ గుర్రుమనే మిషను చప్పుడు లేదు, దాని సీసాలో నీళ్ల బుడబుడా లేదు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, ముందు ఆమె చెవులకి హాయిగానే ఉంది. ఆ తర్వాత కరెంటు పోయిందేమోనని చూస్తే హాల్లో లైటు వెలుగుతూనే ఉంది.

అత్తగారు గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వుకుంది. ఉతికిన బట్టలు కట్టుకుంది. కాళ్లకి డ్యూటీ రోజులనాటి నల్లబూట్లు వేసుకుంది. ముక్కుకి గొట్టం లేదు.

"అయిపోయిందే అమ్మాయ్!" అంది. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి అందుకుంటోంది, అయినా మొహం వెలిగిపోతోంది. "వచ్చి... పట్టుకెళ్లిపోయారు. నేనే ఇచ్చేశా."

"ఎవరొచ్చారత్తయ్యా? ఏం ఇచ్చేశారు?"

"మిషన్ల షాపాయనే. 'మీ నెల అయిపోయింది పెద్దమ్మగారూ, తీసుకెళ్తా' అన్నాడు. ఎంత మంచి మాట చెప్పావు బాబూ అని... టీ పెట్టిచ్చా. గొట్టం నేనే చుట్టిచ్చా. సీసా కడిగి మరీ ఇచ్చా. గేటు దాకా వెళ్లి సాగనంపి వచ్చా, తెలుసా?"

ఇంకో ఇంట్లో ఇంకో ముసలావిడైతే "ఉండు నాయనా, మా అబ్బాయినడిగి చెప్తా" అని ఉండేది. ఈవిడ ఎందుకంటుంది? ఏడాది పైగా కన్నకొడుకు ఈ ఒక్క నెలకే అంటున్నాడు. ఆ నెల అయిపోయిందని ఇవాళ ఒక మనిషి ఇంటికొచ్చి మరీ చెప్పాడు. డబ్బు కట్టలేదు కాబట్టి తీసుకెళ్తున్నానని చెప్పడానికి అతనికి మొహమాటం అడ్డొచ్చి ఉంటుంది. అంత సంబరంగా టీ ఇస్తున్న మనిషితో ఎవరు మాత్రం చెప్పగలరు?

అత్తగారి పెదాల రంగు మారడం కోడలి కంటబడింది. గోళ్లు నీలంగా ఉన్నాయి. కరెంటు పోయినప్పటి కోసమని కొని మూలన పెట్టిన చిన్న సిలిండరు గబగబా ఈడ్చుకొచ్చి దాని గొట్టం ఆవిడ ముక్కుకి తగిలించబోయింది. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"మళ్లీ ఎందుకే ఇది? అయిపోయిందిగా!"

"ఈ ఒక్క గంటకే అత్తయ్యా."

ఆ మాట తన నోటివెంట విని కోడలు ఉలిక్కిపడింది. ఇన్నాళ్లూ మొగుణ్ణి ఏ పనికి తిట్టుకుందో ఆ పని తనకీ అంత సులువుగా చేతనైంది. ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. అత్తగారు మాత్రం గంటే కదా అనుకుని బుద్ధిగా గొట్టం పెట్టించుకుంది.

సిలిండరు ఎక్కువసేపు రాదు. కోడలు వంటింట్లోకి వెళ్లి షాపతనికి ఫోన్ చేసింది. బతిమాలింది, కోప్పడింది, మళ్లీ బతిమాలింది. అతను మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, మీ సారు ఫోనెత్తరు. ఇలా నెలనెలా మీ వెంటపడటం మావల్ల కాదు. ఇంకోళ్లు ఎదురు చూస్తున్నారు ఆ మిషనుకి. ఆటో పేమెంటు పెట్టి నాకు మెసేజీ చూపించండి, ఇప్పుడే వెనక్కి తెచ్చి బిగించేస్తా. నాకూ తల్లి ఉందండీ."

ఆమె మొగుడికి ఫోన్ చేసింది. అతను చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఆమె అతని మీద విరుచుకుపడింది, అదీ గుసగుసగానే. గొంతెత్తి అరవడానికి కూడా ఆ ఇంట్లో వీలు లేదు.

"ఫోనెందుకు ఎత్తలేదు?"

"ఇంకో నెల అని చెప్పాలిగా. రెండుసార్లు షాపు దాకా వెళ్లా. లోపలికి వెళ్లడానికి కాళ్లాడలేదు."

"ఏడాదిగా నా కాళ్లు ఎలా ఆడాయనుకున్నారు?" అంది. అంతవరకూ ఉన్న కోపం ఆ ప్రశ్నతోనే చల్లారిపోయింది. "నేను అలిసిపోయానండీ. డబ్బు కట్టీ కాదు, బస్సులు మారీ కాదు. ఆవిడ 'ఈ నెలతో అయిపోతుందంటావా?' అని అడిగినప్పుడల్లా నవ్వీ నవ్వీ అలిసిపోయాను."

అతను సింకు దగ్గర చేతులు కడుక్కున్నాడు. ఎంతకీ జిడ్డు వదలడం లేదన్నట్టు కడుగుతూనే ఉన్నాడు. చివరికి ఆమే కుళాయి కట్టేసింది.

లాప్‌టాప్ హాల్లో అత్తగారి ఎదురుగా ఉన్న బల్ల మీదే ఉంది. ఆమె దాన్ని తెరిచి మొగుడి ముందుకి నెట్టింది. ఎప్పుడో సగంలో వదిలేసిన గళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. 'ఎవరికి' నిండి ఉంది, 'ఎంత' నిండి ఉంది, 'ఏ తేదీన' నిండి ఉంది. 'ఎప్పటివరకు' ఖాళీ. అది నింపకుండా కిందికి జరగబోతే సాఫ్ట్‌వేరు ఒప్పుకోలేదు, ఆ గడినే ఎర్రగా చేసి చూపించింది. అతను వచ్చే నెల ఆఖరి తేదీ కొట్టాడు. పెళ్లాం ఊరికే చూసింది. అతను కొట్టింది చెరిపేశాడు.

"ఏంట్రా అది? అంతసేపు దానికేసి చూస్తావ్?" అంది తల్లి.

"ఏం లేదమ్మా. బిల్లు."

"నాకు అక్షరాలు ఆనవు గానీ నీ సంగతి తెలీదనుకున్నావా? ఏమంటోంది అది?"

కోడలే చెప్పింది. "ఎప్పటివరకు అని అడుగుతోందత్తయ్యా."

"దేనికి?"

"మిషను అద్దెకి."

ఆవిడ కాసేపు కొడుకు వంక చూసింది, కాసేపు ముక్కుకున్న గొట్టం తడుముకుంది. సిలిండరు సన్నగా బుస కొడుతోంది. ఆవిడ తెలివితక్కువది కాదు. బస్సు నిండా జనంలో దొంగ పాసు పట్టుకొచ్చినవాణ్ణి మొహం చూసి పట్టేసిన మనిషి. ఇంట్లో మాత్రం పట్టుకోకుండా ఊరుకుంది, ఎందుకంటే ఆ అబద్ధం ఆవిడకీ కావాలి.

"అడగదూ మరి?" అంది నెమ్మదిగా. "ఎక్కడిదాకా అని అడక్కుండా నేను ఎవరికీ టికెట్ కొట్టలేదు. మొహమాటపడి అడగడం మానేస్తే మన ఉద్యోగం పోయేది. చెప్పరా. నిజం చెప్పు. డాక్టరేమన్నాడు?"

కొడుకు నేల చూపులు చూశాడు. "ఎప్పటికీ ఉండాలన్నాడమ్మా. మొదటిరోజే చెప్పాడు."

"మొదటిరోజే?"

"ఆఁ."

"నీకూ తెలుసుటే?"

కోడలు తలూపింది. ఇక ఆవిడ తిడుతుందనీ ఏడుస్తుందనీ ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. ఆవిడ ముందుకి వంగి బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టింది. వంగితే ఆయాసం వస్తోంది. కొడుకు కిందికి దిగి కూర్చుని ఒక బూటు తీశాడు, కోడలు రెండోది తీసింది. ఆవిడ వద్దనలేదు. ఇద్దరి తలలూ తన మోకాళ్ల దగ్గర ఉంటే రెండు తలల మీదా చెరో చెయ్యి వేసి ఉంచింది.

"ఆపమనే వరకు అనో ఏదో ఉంటుందన్నావుగా దాంట్లో, ఆ వేళ ఎవరితోనో ఫోన్లో చెప్తుంటే విన్నా" అంది కోడలితో. "అదే పెట్టరా. పాపం ఆయన మళ్లీ టీ తాగడానికి రావక్కర్లేదు."

కొడుకు లేచి టిక్కు పెట్టాడు. డబ్బు కట్టినప్పుడల్లా మెసేజీ ఎవరికి రావాలని అది అడిగితే పెళ్లాం నంబరు తీసేసి తన నంబరు కొట్టాడు. కోడలు అది చూసింది. ఎన్నాళ్లుగానో కోరుకున్నదే అయినా ఆ పూట దాని వల్ల ఆమెకి ఏ సుఖమూ కలగలేదు.

షాపతను మిషను తెచ్చి బిగించాడు. అత్తగారి మొహం చూడలేక కంగారుగా బిగించి కంగారుగా వెళ్లిపోయాడు. మళ్లీ గుర్రుమనే చప్పుడు మొదలైంది. పడుకోబోయే ముందు అత్తగారు కోడల్ని పిలిచింది.

"అమ్మాయ్, ఆ అద్దాల పెట్టె రేపు ఇంటికే పట్టుకొచ్చెయ్యవే. ఇక నేనేం వస్తాను?"

కోడలు "అలాగే అత్తయ్యా" అని గదిలోకి పోయి, దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు తన షాపు ఓనరు చేత నాలుగు మాటలు పడి ఆ పెట్టె అడిగి తెచ్చుకుంది. అత్తగారిని హాల్లో ఒక చివర కూర్చోబెట్టింది. ముక్కు మీద గొట్టమే ఉండాలా, ఇనప చట్రమే ఉండాలా అని కాసేపు పేచీ వచ్చింది. చివరికి గొట్టాన్ని కాస్త కిందికి జరిపి, చట్రాన్ని కాస్త పైకి నెట్టి రెండింటికీ చోటు చేశారు. "ఇంత చిన్న ముక్కుకి ఇన్ని ఉద్యోగాలా" అంది అత్తగారు. అక్షరాల అట్ట పట్టుకుని రెండో చివర కొడుకు నించున్నాడు.

కోడలు ఒక అద్దం వేసింది, తీసి ఇంకోటి వేసింది. రోజూ వందసార్లు అడిగే ప్రశ్నే, గొంతు మామూలుగా ఉంచుకుని అడిగింది.

"ఇది బాగుందా అత్తయ్యా, ఇదా?"

"మొదటిదే నయం. ఆఁ... ఇంకోటి వెయ్యి. ఆగాగు, ఇది, ఇది ఉంచు."

"పై వరస చదవండి."

ఆవిడ చదవలేదు. అట్ట మీదుగా పైకి, దాన్ని పట్టుకుని నించున్న కొడుకు మొహంలోకి చూస్తోంది. కళ్ల కింద నల్లటి చారలు, చెంపల మీద తెల్లబడ్డ గడ్డం, వేలాడిపోతున్న భుజాలు. ఒక్కొక్కటీ నిదానంగా చూసింది. తర్వాత బరువైన ఆ చట్రాన్ని చేత్తో పట్టుకుని కోడలి వైపు తిరిగింది. అంత దగ్గర నుంచి, అంత స్పష్టంగా, చాలాసేపు చూసింది.

"మీరిద్దరూ ఇంతలా ఎప్పుడు అలిసిపోయారే?" అంది.